రాచపుండు వైద్యము – స్త్రీల పరస్పర సాహాయ్యము

హైదరాబాదునుండి కరీంనగరమునకు బోవు రాజీవ్ రహదారిపై సుమారు 60 కిలోమీటర్ల దూరమున ప్రజ్ఞాపూర్ కలదు. గజ్వేలుతో గూడి యిది యిప్పుడొకే పురపాలక సంఘముగా నున్నది. 2016 అక్టోబరు 11వ తేదీవరకు మెదకు జిల్లాలోనిది. ఆనాడు క్రొత్తగా నేర్పడిన సిద్దిపేట జిల్లాలో జేరినది. ఈ చౌరస్తాలో తెల్లవారుజామున బస్సుకొఱకు నిలిచియుండు జనమును మేము పలుమార్లు చూచితిమి. కూరగాయల గంపలవారు, కళాశాలలకు బోవు పిల్లలు, పెండ్లిండ్లకు బోవువారు, కోర్టు పనులవారు, వీరి నడుమ నొక ప్రక్కగా, ఫిల్ములు మడతపడకుండ పెద్ద ప్లాస్టికు సంచిలో బెట్టుకొని, ఎండ లేకున్నను తలనిండ కొంగు గప్పుకొన్న స్త్రీ యొకతె యెప్పుడో యొకప్పుడు కనబడును. ఎక్కడికమ్మా యని యడిగినచో "పట్నం పోతున్న" నని మాత్రము చెప్పును. ఏమి పని యని యడిగినచో బిడ్డ యింటికనియో, బట్టలు కొనుటకనియో చెప్పి మాట మార్చును. ఆమె చేరుచోటు రెడ్‌హిల్సునందలి క్యాన్సరు ఆసుపత్రి.

ఇరుగుపొరుగువారికి చెప్పని యా మాటలనే ఆమె ఆసుపత్రి వసారాలో, నిన్నటివరకు ముఖమెరుగని యింకొక స్త్రీకి చెప్పుకొనును. చెప్పుకొని తేలికపడును, విని ధైర్యము తెచ్చుకొనును. ఈ సంభాషణమునకొక చరిత్ర కలదు. అది రాజుల చరిత్రవలె శాసనములలో నుండదు. వైద్యుల చరిత్రవలె గ్రంథములలోను నిండుగా నుండదు. అయినను దానివలన నిలిచిన ప్రాణములు, నిలిచిన కాపురములు పెక్కులు గలవు గనుక దానిని గొంత చెప్పదలచితిమి.

ముందుగా పేరు సంగతి. ఈ వ్యాధిని సుశ్రుతాది వైద్యులు అర్బుదమనిరి. మన పెద్దలు రాచపుండనియు, పుట్టకురుపనియు వ్యవహరించిరి. గ్రీకులు ఎండ్రకాయ పేరు పెట్టిరి. దానినే లాటిను భాషలో మార్చుకొని పాశ్చాత్యులు క్యాన్సరనిరి. ఇన్ని పేరులుండియు మన యిండ్లలో దీనికి పేరు లేదు. మెదకు, సిద్దిపేట ప్రాంతముల స్త్రీలు "ఆ బీమారి" యందురు. కోస్తావారు "ఆ జబ్బు" అందురు. పేరు పలికినంతమాత్రమున వచ్చి మీద బడునేమో యను భయము. మశూచికి అమ్మవారని పేరు పెట్టి పూజించిన జాతి మనది. ఆ వ్యాధికి గుడి గట్టితిమి, దీనికి తలుపు మూసితిమి.

తలుపు మూయుటవలన గలుగు నష్టము సామాన్యమైనది కాదు. స్తనములో బుట్టు గడ్డ తొలిదినములలో సాధారణముగా నొప్పి పెట్టదు. నొప్పి లేనిది రోగము కాదని మన స్త్రీలు తలంతురు. స్నానము చేయునప్పుడు చేతికి దగిలినను భర్తతో జెప్పుటకు సిగ్గు, అత్తతో జెప్పుటకు భయము, పురుష వైద్యునికి జూపుటకు రెండును. ఇంటిలో పెండ్లికెదిగిన కూతురుండెనేని తల్లికీ బీమారి యున్నదని తెలిసినచో సంబంధములు రావని మరొక దిగులు. ఈలోపల నెలలు గడచును. గర్భాశయ ముఖమునందలి క్యాన్సరు సంగతి యింకను గుప్తము. ముట్లుడిగిన తరువాత మరల రక్తము కనబడినను, దానిని నోట బలుకుటయే తప్పని పెంచబడిన స్త్రీ యెవరితో జెప్పగలదు? 2022వ సంవత్సరపు అంతర్జాతీయ అంచనాలనుబట్టి మన దేశమున నాయేడు సుమారు 1,92,000 మంది స్త్రీలకు స్తన క్యాన్సరును, సుమారు 1,27,000 మందికి గర్భాశయముఖ క్యాన్సరును క్రొత్తగా గలిగినవి. ఆ రెండింటివలనను మరణించినవారు సుమారు 1,78,000 మంది. ముందుగా గనుగొన్నచో వీరిలో ననేకులు బ్రతుకదగినవారే.

వ్యాధి సోకిన పిమ్మట మన గృహములలో జరుగునది మరియొక విధమైన శిక్ష. పళ్ళెము వేరు, చెంబు వేరు, పక్క వేరు. ముట్టుకొన్నంతనే, కలసి భుజించినంతనే యీ వ్యాధి యంటుకొనదు. ఈ మాట యెన్నిమారులు చెప్పినను తక్కువయే. భర్తకు జబ్బు చేసినప్పుడు భార్య పుస్తె తాకట్టు పెట్టియైన వైద్యము చేయించును. భార్యకు జబ్బు చేసినప్పుడు ఆమెను తల్లిగారింటికి బంపు భర్తలు మన తాలూకాలలో లేరని యెవ్వరైన ననగలరా? అందరు నట్టివారని మేమనుట లేదు. రాత్రియంతయు ఆసుపత్రి నేలమీద పడుకొని, ఉదయమున చీటికొఱకు వరుసలో నిలబడు భర్తలను గూడ చూచితిమి. కాని మొదటివారికి సంఘము వేయు శిక్ష యేమియు లేదు.

మన స్త్రీలకు సభలు లేకపోలేదు. 1902లో బందరునందు భండారు అచ్చమాంబగారు బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. ప్రజ్ఞాపూరు వెనుక నే జిల్లాలోనిదో ఆ మెదకు జిల్లాలోని జోగిపేటయందే 1930లో నిజామాంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమయ్యెను. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని కధ్యక్షులు. దానితోపాటే మహిళా సభయు జరిగెను. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. స్త్రీవిద్య, బాల్యవివాహములు, ఘోషా వంటి విషయములకొఱకు ఆ తరము స్త్రీలు పోరాడిరి. స్త్రీ సభలోనికి వచ్చి కూర్చుండుటయే యానాడొక సాహసము. అట్టి సభలలో స్తనమనియు, గర్భాశయమనియు పలికి, అందు బుట్టు వ్రణములను గూర్చి తీర్మానములు చేయవలెనని మనము వారినుండి యాశించుట న్యాయము కాదు. వారు తలుపు తీసిరి. లోపలి గదులు మిగిలినవి.

ఇక లోకచరిత్రమునకు వత్తము. తన వ్యాధిని తన నోటితో జెప్పిన స్త్రీలలో ఫానీ బర్నీ యను ఆంగ్ల నవలాకర్త్రి ప్రసిద్ధురాలు. ఆమె భర్తతో పారిసునగరమున నివసించుచుండగా స్తనమున గడ్డ పుట్టెను. 1811 సెప్టెంబరు 30వ తేదీన ఆమె యింటనే శస్త్రచికిత్స చేసిరి. నెపోలియను సైన్యమునకు వైద్యుడైన లారీ ఆ చికిత్స చేసినవారిలో ముఖ్యుడు. మత్తుమందు లేని కాలమది. ఒక పానీయమిచ్చి, ముఖముపై పలుచని చేతిరుమాలు గప్పిరి. ఆ రుమాలులోనుండి కత్తి తళుకు ఆమెకు గనబడుచునే యుండెను. ఈ సంగతి నామె తన యక్క ఎస్తరునకు జాబుగా వ్రాసెను. ఆ జాబు వ్రాసి ముగించుటకు నెలలు పట్టెను. మరల చదువుకొనుటకు మనసొప్పలేదు. అయినను వ్రాసెను. ఏలయన, ఇతరుల నోట వక్రముగా వినుటకంటె తన నోటనే తోడబుట్టినది వినవలెనని యామె కోరిక. ఆమె తరువాత 28 ఏండ్లకు పైగా జీవించి 1840లో మరణించెను. ఒక సోదరి మరియొక సోదరికి వ్రాసిన యీ జాబు నేటికిని వైద్యవిద్యార్థులు చదువుచున్నారు. ఎందరో గొప్ప శస్త్రవైద్యులు వ్రాసిన వర్ణనలలో కత్తి పట్టినవాని యనుభవ మున్నది. కత్తిక్రింద నున్నవారి యనుభవమిందే యున్నది.

ఈ సందర్భమున మన హైదరాబాదును దలచుకొనక మానరాదు. క్లోరోఫారము 1847నుండి వాడుకలోనికి వచ్చెను గాని, దానివలన గలుగు మరణములను గూర్చి వైద్యులలో పెద్ద తగవు పుట్టెను. 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో ఎడ్వర్డు లారీ యను వైద్యుడు హైదరాబాదులో రెండు పరిశోధక సంఘములను నడిపెను. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీ యను పారసీ స్త్రీ రోగులకు క్లోరోఫారము నిచ్చు విద్యలో ఆరితేరెను. ప్రపంచమున మత్తువైద్యము వృత్తిగా జేసిన మొదటి స్త్రీలలో నామె యొకతె యని చరిత్రకారులు చెప్పుదురు. ఫానీ బర్నీ పడిన బాధ మరల నే స్త్రీయు పడకుండుటకై పాటుపడినవారిలో మన నగరపు స్త్రీయు గలదన్నమాట. నగరమున నెన్ని విగ్రహములు లేవు! ఈమె పేరు మాత్రము మన పిల్లలకు దెలియదు.

దక్షిణదేశమున ఈ విషయమును స్త్రీల సమష్టి కార్యముగా జేసినది డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు. 1886లో పుదుక్కోటలో జన్మించి, 1912లో మద్రాసు వైద్యకళాశాలలో పట్టమును బొంది, 1927లో మద్రాసు శాసనమండలిలో మొదటి స్త్రీ సభ్యురాలైన ఈ మహనీయురాలిని దేవదాసీ చట్టమును గూర్చి మన పాఠకులెరుగుదురు. ఆమె చెల్లెలు క్యాన్సరుతో చిన్న వయస్సున మరణించెను. మొదట దానిని రక్తగ్రహణియని వైద్యులు పొరబడిరి. వైద్యురాలైన యక్క ప్రక్కనుండియు రక్షింపజాలకపోయెను. ఈ దుఃఖమే యామెను 1925లో లండనునకు బోయినప్పుడు క్యాన్సరు వైద్యమును జూచి నేర్చుకొనునట్లు చేసెను. 1935లో మద్రాసు వైద్యకళాశాల శతవార్షికోత్సవమున ఇట్టి యాసుపత్రి కావలెనని యామె బహిరంగముగా గోరెను. ఈ రోగము వచ్చినవారు చచ్చువారే గదా, వారికాసుపత్రి యేల యను ధోరణి యధికారులలో నుండెడిది. ఆమె విసుగలేదు. 1917లో అడయారునందు స్థాపింపబడిన భారత మహిళా సంఘము పక్షమున క్యాన్సరు సహాయనిధి నేర్పరచి, ఇల్లిల్లు దిరిగి చందాలు గూర్చిరి. 1952 అక్టోబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1954 జూనులో అడయారు క్యాన్సరు సంస్థ తెరువబడెను. పండ్రెండు పడకలు. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తియు, 1955లో వచ్చి చేరిన డాక్టరు శాంతయు ముఖ్య వైద్యులు. శాంతగారు 2021లో మరణించువరకు ఆ యావరణమునే యిల్లుగా జేసికొనిరి.

ఇందు మేము పాఠకులకు జూపదలచినది యొకటి. బొంబాయిలో 1941లో తెరువబడిన టాటా స్మారక చికిత్సాలయము కూడ, లుకీమియాతో మరణించిన మెహెర్బాయి టాటా స్మృతినుండియే పుట్టినది. అడయారు సంస్థ ఒక చెల్లెలి మరణమునుండి పుట్టినది. హైదరాబాదులో 2000 సంవత్సరము జూనులో అప్పటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిన బసవతారకం ఇండో అమెరికను ఆసుపత్రి, నందమూరి తారకరామారావుగారి భార్య ఈ వ్యాధివలననే మరణించుటచేత ఆమె పేర వెలసినది. ఇంటి స్త్రీ మరణించిన తరువాత గాని మన దేశమున క్యాన్సరు ఆసుపత్రులు పుట్టలేదా యని యడుగ బుద్ధి పుట్టును. అట్లుండనిండు.

మన ప్రాంతమునకు బెద్ద దిక్కు రెడ్‌హిల్సునందలి మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రి. ఇది 1955లో నెలకొన్నది. హైదరాబాదు రాష్ట్రమున మంత్రిగా బనిచేసి, పిమ్మట గుజరాతునకు మొదటి గవర్నరైన మెహదీ నవాజ్ జంగు పేర నడచుచున్నది. ప్రజ్ఞాపూరు, సిద్దిపేట, దుబ్బాక, జహీరాబాదు, నల్లగొండ, పాలమూరు – అన్ని త్రోవలు నిచట గలియును. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన పిమ్మట క్యాన్సరు వైద్యము దానిలో జేరుటచేత, పొలమమ్ముకొనక వైద్యమునకు వచ్చు పేదల సంఖ్య పెరిగెను.

కిరణచికిత్స యొకనాటి పని కాదు. వారమున నైదుదినములు, కొన్ని వారములపాటు, దినమునకు కొన్ని నిమిషములకొఱకు రావలెను. మందుల చికిత్స సాధారణముగా మూడేసి వారముల కొకసారి, నెలల తరబడి సాగును. దూరమునుండి వచ్చిన స్త్రీలు ప్రతిదినము నూరికి బోయి రాలేరు. వసారాలలోను, సత్రములలోను, చెట్లనీడలను గాలము గడుపుదురు. ఈ నిరీక్షణమే వారికి సభ. పిలుపు వచ్చువరకు నెవరి వంతెప్పుడో తెలియదు గనుక, ప్రక్కనున్నయామెతో మాటలాడక తప్పదు. ఏ సంస్కర్తయు బిలువని, ఏ యధ్యక్షురాలును లేని యీ సభలో కులము లేదు, మతము లేదు. కర్నూలు బ్రాహ్మణ వితంతువును, గజ్వేలు మాదిగ కూలియు, పాతబస్తీ ముస్లిము గృహిణియు నొకరి చేతి సూదిమచ్చ నొకరు చూచుకొందురు. గ్రామమున నొక నూతి నీరు త్రాగనివారు ఇచట నొకే సీసానుండి త్రాగుదురు.

వారు చెప్పుకొను మాటలు పెద్ద మాటలు కావు. మొదటి మందు పడిన రెండు మూడు వారములకు వెండ్రుకలు రాలును. దువ్వెనలో కుచ్చులుగా వచ్చినప్పుడు గుండె పగులును గాన ముందే పొట్టిగా కత్తిరించుకొనుము. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు మరల మొలచును. నా తల చూడుము. నోరు పూసినప్పుడు కారము మాని మెత్తని యన్నములో సల్ల పోసుకొనుము. వాంతులకు డాక్టరిచ్చిన మాత్రను వాంతి రాకముందే వేసికొనుము. మందు పడిన దినములలో జ్వరము 100.4 డిగ్రీలు దాటెనేని తెల్లవారుదాక ఆగకుము, ఆ రాత్రియే ఆసుపత్రికి బొమ్ము. ఈ చివరి మాట యొక్కటియే యెందరి ప్రాణములనో కాపాడును. రక్తములోని తెల్లకణములు తగ్గియున్నప్పుడు వచ్చు జ్వరము సామాన్య జ్వరము కాదు. చంకలోని గ్రంథులు తీసివేసిన పిమ్మట చేయి వాచుటయు కలదు. అట్టివారికి చేతి వ్రేళ్ళను గోడపై మెల్లమెల్లగా పైకి నడిపించు వ్యాయామమును నర్సుకంటె నోర్పుగా నేర్పునది అదివరకు జేసి చూచిన స్త్రీయే. రవికెలోపల నేమి పెట్టుకొనవలెను? దూది జారును, గుడ్డ బరువెక్కును. పాశ్చాత్యదేశములందును, మన దేశమునను స్త్రీలు నూలుతో తేలికగా అల్లి, స్తనము కోల్పోయినవారికి ఉచితముగా నిచ్చుచున్నారు. ఈ ప్రశ్న నడుగుటకు పురుష వైద్యుని యెదుట నోరు రాదు, ప్రక్కింటి వదినెయెదుట సిగ్గు వేయును. గర్భాశయమునకు లోపలి కిరణచికిత్స జరిగినవారి దాంపత్య జీవనములో గలుగు నిబ్బందులను గూర్చియైతే ఆ వసారాలోను గుసగుసలే. అయినను అచట గుసగుసయైన నున్నది.

అమెరికా దేశమున నీ వసారా మాటలకు వ్యవస్థ గల్పించినది తెరీస్ లాసర్ అను గృహిణి. 1952లో న్యూయార్కునందు ఆమెకు స్తనమును, ఛాతి కండరములను, చంకలోని గ్రంథులను గూడ దీసివేయు పెద్ద చికిత్స జరిగెను. హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 19వ శతాబ్ది చివరను ప్రచారము చేసిన పద్ధతియది. చేయి యెట్లు కదలింపవలెను, ఏమి ధరింపవలెను, భర్తతో బిడ్డలతో నెట్లు చెప్పవలెను అని యామె యడుగగా వైద్యులయొద్ద నుత్తరము లేదు. ఆమె తానే దారము, బంతి మొదలైన వానితో వ్యాయామములు గల్పించుకొని, ఒక సంచి పట్టుకొని ఆసుపత్రులకు బోయి, చికిత్స జరిగిన స్త్రీల మంచములయొద్ద గూర్చుండి చెప్పసాగెను. కొందరు వైద్యులు కోపించిరి. కొన్ని యాసుపత్రులు రానీయలేదు. మా రోగిని నీవు జూచుటకెవ్వతెవని యడిగిరి. "మీ రోగియే నేను" అనుటకు దగిన యధికార మామెకుండెను. 1969లో అమెరికను క్యాన్సరు సంఘమే ఆ కార్యమును దనదిగా స్వీకరించెను. 1985లో ప్రకటింపబడిన పరిశోధనలవలన గడ్డను మాత్రము దీసి కిరణచికిత్స చేసినను తగిన రోగులకు ఆయుష్షు తగ్గదని తేలెను. మన దేశమున బొంబాయిలో వందనా గుప్తా యను వ్యాధివిముక్తురాలు 1994లో స్థాపించిన వి కేర్ సంస్థయు ఈ మార్గములోనిదే.

మాటలవలన రోగము కుదురునా? ఈ ప్రశ్నకు బుద్ధిమంతులు చెప్పు నుత్తరము మన పాఠకులు తెలిసికొనదగినది. డేవిడ్ స్పీగెల్ అను వైద్యుడు, శరీరమంతట వ్యాపించిన స్తన క్యాన్సరుగల 86 మంది స్త్రీలలో కొందరిని వారమున కొకసారి యొకచోట గూర్చి, ఒక సంవత్సరము మాటలాడుకొననిచ్చెను. వారి మనఃక్లేశము తగ్గునా యని చూచుటయే యుద్దేశము. 1989లో నాయన ప్రకటించినది చూచి లోకమాశ్చర్యపడెను: కూడిన స్త్రీలు కూడనివారికంటె సగటున సుమారు 18 నెలలు ఎక్కువ జీవించిరి! పత్రికలు గొప్పగా వ్రాసినవి. అయితే 2001లో కెనడా దేశపు వైద్యులు 235 మంది స్త్రీలతో మరల పరిశీలింపగా, ఆయుష్షు పెరుగలేదు. స్పీగెలే తరువాత చేసిన పరిశీలనయు మొదటి ఫలితమును బలపరుపలేదు. కాని కెనడావారి పరిశీలనలో నొకటి నిలిచెను. కూడి మాటలాడుకొన్న స్త్రీలకు మనోవేదన తగ్గెను, నొప్పియు తక్కువగా దోచెను. మిక్కిలి వేదనతో వచ్చినవారికే యెక్కువ మేలు గలిగెను. మాకిది చాలును. ఔషధము చేయవలసిన పనిని ఔషధము చేయును. తోటి స్త్రీ మాట చేయు పని వేరు. ఆమె మాటవలన నీమె ఔషధమును మధ్యలో మానకుండును.

మధ్యలో మానుటకు గల కారణములలో నొకటి చెప్పక తప్పదు, అది చెప్పుటకు మాకు సంతోషము లేకున్నను. ధైర్యము నడచు త్రోవనే మూఢత్వమును నడచును. అదే వసారాలో "ఫలానా యూరిలో ఆకు పసరిచ్చువాడున్నాడు, మూడు మోతాదులలో గడ్డ కరగును" అను మాటయు వినబడును. మేమెరిగిన యొక గృహిణి రెండు మోతాదుల మందు పడిన పిమ్మట ఇట్టి మాట విని ఆరునెలలు పసరు త్రాగెను. ఆమె తిరిగి వచ్చునప్పటికి వైద్యుల ముఖములు మారిపోయినవి. దోషము చెప్పినయామెది కాదు. ఆమెయు నమ్మియే చెప్పెను. అందుచేతనే అనుభవమును పంచుకొను సభలో చదువుకొన్న నర్సు యొకతె కూర్చుండవలెనని మా యభిప్రాయము. వినుటకు, అవసరమైనచోట నడ్డుపడుటకు.

స్త్రీలతో జెప్పక స్త్రీల మేలు చేయబూనినచో నేమగునో మన తెలుగునాటనే చూచితిమి. గర్భాశయముఖ క్యాన్సరునకు మూలమైనది హెచ్‌పీవీ యను సూక్ష్మజీవి యని స్థాపించినందులకు జర్మను శాస్త్రజ్ఞుడు హారల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమాన మిచ్చిరి. దానిని నివారించు టీకా యున్నది. 2009లో ఖమ్మము జిల్లాలోని మూడు మండలములలో సుమారు 14,000 మంది బాలికలకు ఆ టీకాను వేసిరి. వారిలో ననేకులు గిరిజన బాలికలు, వసతిగృహములలో జదువుకొనువారు. తలిదండ్రుల సమ్మతికి బదులు పలుచోట్ల వసతిగృహపు అధికారుల సంతకములు తీసికొనిరి. కొందరు బాలికలు మరణింపగా గగ్గోలు పుట్టి, 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలుపబడెను. మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు; సమ్మతి తీసికొన్న పద్ధతి మాత్రము తప్పని తేలెను. పార్లమెంటు సంఘము 2013లో దానిని తీవ్రముగా ఖండించెను. మంచి టీకా చెడ్డపేరు మోసినది. ఆ తల్లులను నాడు చెట్టుక్రింద గూర్చుండబెట్టి, ఇది యెందులకు, దీనివలన నేమగును, వలదనుటకు మీకు హక్కున్నది అని చెప్పియున్నచో నెంత కాలము పట్టెడిది? అదే 2009లో, మహారాష్ట్రమందలి ఉస్మానాబాదు జిల్లాలో లక్షా ముప్పదివేలకు పైగా పల్లెస్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడినవి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి తగిన చికిత్స చేసినచో ఈ క్యాన్సరువలని మరణములు సగము వరకు తగ్గునని యందు తేలెను. పల్లెస్త్రీలు పరీక్షకు రారను మాట యంతటితో నబద్ధమైనది.

హైదరాబాదులో డాక్టరు రఘురామ్‌గారు 2007లో తన తల్లి డాక్టరు ఉషాలక్ష్మిగారి పేర స్తనవ్యాధి కేంద్రమును స్థాపించిరి. ఆమె స్వయముగా స్త్రీవైద్యురాలు. స్వయముగా ఈ వ్యాధికి లోనై వైద్యము పొందిన స్త్రీ. వైద్యురాలే నాకీ వ్యాధి వచ్చినదని బహిరంగముగా జెప్పుటలో నెంత బలమున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి అక్టోబరునందు నగరములోని కట్టడములకు గులాబిరంగు దీపములు వెలిగింతురు. చూచుటకు బాగుండును. ఆ వెలుగు ప్రజ్ఞాపూరు దాక రాదు. 2012 మొదలు 2016 వరకు పల్లెలలో ఆరోగ్యకార్యకర్తలకు శిక్షణ నిచ్చి, సుమారు రెండు లక్షల పేదస్త్రీలకు స్తనపరీక్ష చేయించితిమని ఆ సంస్థవారు చెప్పుచున్నారు. దీపములకంటె మాకీ పని మిన్నగా దోచును.

ప్రభుత్వమును తన వంతు చేయకపోలేదు. 2016లో వెలువడిన కేంద్ర మార్గదర్శకములనుబట్టి 30 ఏండ్లు దాటిన స్త్రీలకు నోరు, స్తనము, గర్భాశయముఖము అను మూడింటి పరీక్ష జరుగవలెను. తెలంగాణమున 2023 మార్చి 8వ తేదీన ఆరోగ్య మహిళ యను కార్యక్రమము ప్రారంభమై, మంగళవారములందు స్త్రీలకొఱకు ప్రత్యేక చికిత్సాకేంద్రములు తెరువబడెను. కేంద్రము తెరచుట యొకటి, స్త్రీ దాని గడప దాటుట యొకటి. ఆశా కార్యకర్త వచ్చి పిలిచినప్పుడు "నాకేమి బీమారి లేదు" అని పంపివేయు స్త్రీయే, తన పొదుపు సంఘములోని యక్క "నేను చూపించుకొన్న, ఏమి నొప్పి లేదు, నువ్వు గూడ రా" అన్నచో చెప్పులు తొడుగును.

ఆ పొదుపు సంఘములను గూర్చియే మా యాశ. తెలుగునాట నీ సంఘములు లేని పల్లె యరుదు. పదిమంది స్త్రీలు కూర్చుండి, రూపాయి లెక్క తప్పకుండ వ్రాసికొని, అప్పు తీర్చనియామె నింటికి బోయి యడుగు ధైర్యము వారికి కలదు. ఆ సమావేశమున లెక్కలు ముగిసిన తరువాత పావుగంట యీ విషయమునకిచ్చుట కష్టమా? చికిత్స ముగించుకొని వచ్చినయామెను నడుమ గూర్చుండబెట్టి చెప్పించుట కష్టమా? ఆమె పళ్ళెము వేరుచేసిన యత్తయు నాడక్కడనే కూర్చుండును. ఆసుపత్రికి బోవునప్పుడు తోడు పోవుటకు వంతులు వేసికొనవచ్చును. బస్సుఛార్జికి సంఘమునుండి చిన్న యప్పు నీయవచ్చును. ఆ దినము ఆమె బిడ్డలకు అన్నము వండిపెట్టవచ్చును. ఇందేదియు శాసనసభలో బిల్లు పెట్టి సాధింపవలసినది కాదు.

క్రిందటి మాఘమాసమున మేము మరల నా చౌరస్తాలో బస్సుకొఱకు నిలిచియుంటిమి. చలిగా నుండెను. ప్రక్కన నిద్దరు స్త్రీలు నిలిచియుండిరి. ఒకతె నడివయస్సుది, తలపై కొంగు లేదు; వెండ్రుకలు వ్రేలెడు పొడవున, రింగులు రింగులుగా క్రొత్తగా మొలచియుండెను. రెండవయామె చిన్నది, కొంగు నుదుటిదాక లాగుకొనియుండెను. పెద్ద ప్లాస్టికు సంచి మొదటియామె చేతిలో నుండెను గాని, దానిపై వ్రాసియున్న పేరు రెండవయామెదని వారి మాటలవలన దెలిసినది. సిద్దిపేటనుండి వచ్చిన బస్సు నిండుగా నుండెను. పెద్దామె ముందెక్కి, కండక్టరుతో వాదించి, కిటికీయొద్ద నొక చోటు సంపాదించి, చిన్నామెను బిలిచెను.